కంట్లో గరగర: ఎప్పుడు ఊరుకోవచ్చు, ఎప్పుడు ఉరకాలి

హబ్సిగూడ బస్తీలో ఒక అక్క ఉంది. వయసు నలభై ఎనిమిది. ఉస్మానియా యూనివర్సిటీ క్వార్టర్లలో రెండు ఇళ్లలో వంట చేస్తుంది. పొద్దున్నే ఆరు గంటలకు ఇల్లు వదిలి, తార్నాక చౌరస్తా దాటి నడిచి పోతుంది. పదేళ్ల నుంచి షుగర్ ఉంది. మాత్ర గుర్తుంటే వేసుకుంటుంది. లేకపోతే లేదు.

ఒకనాడు ఎడమ కంట్లో మసి రాలినట్టు నల్లటి చుక్కలు తేలాయి. పోపు పొగ అనుకుంది. నాలుగు రోజులకు చుక్కలు ఎక్కువయ్యాయి. తర్వాత ఒక పక్క నుంచి పరదా దించినట్టు చీకటి. అయినా పని ఆగలేదు. ఎందుకంటే కుడి కన్ను బాగానే ఉంది. మన రెండు కళ్లలో ఒకటి చెడితే రెండోది దాని పని కూడా చేసిపెడుతుంది. అందుకే మనకు తొందరగా తెలియదు. ఒకరోజు తలస్నానం చేస్తుంటే కుడి కంట్లో సబ్బు నురగ పడింది. ఆ కన్ను మూసుకుంది. అప్పుడు తెలిసింది, ఎడమ కంటికి ఎదురుగా ఉన్న గోడ సగమే కనిపిస్తోందని.

దవాఖానకు పోయింది. "షుగర్ వల్ల కంటి లోపల నెత్తురు కారింది. రెటీనా ఊడింది. ఆపరేషన్ చేయాలి" అన్నారు డాక్టర్లు. చేశారు. ఆపరేషన్ బాగానే అయింది. అక్కకు అసలు తిప్పలు ఇంటికి వచ్చాక మొదలయ్యాయి. మూడు వారాలైనా కంట్లో గరగర పోలేదు.

పక్కింటి చెల్లె చూసి అడిగింది:

"ఏమైందక్కా, కన్ను ఇంకా ఎర్రగనే ఉంది?"

"ఏందో చెల్లె. ఇసుక పోసినట్టు గరగర అంటుంది. రెప్ప కొడితే గుచ్చుతుంది."

"ఆపరేషన్ అన్నంక ఉండదా? మా అత్తమ్మకు శుక్లం తీసినప్పుడు ఇచ్చిన చుక్కల మందు ఇంట్లనే ఉంది. తెస్త ఉండు. రెండు చుక్కలు వేసుకుంటే సల్లగైతది."

ఇంకో ముసలమ్మ తల్లిపాలు పిండమంది. మరొకామె నందివర్ధనం పూలు కంటి మీద కట్టుకోమంది. అక్క కొడుకు మాత్రం, "వచ్చే మంగళవారం డాక్టరు రమ్మన్నాడు కదా, అప్పుడే అడుగుదాం" అన్నాడు.

వీళ్లలో ఎవరి మాట వినాలి? అది తెలియాలంటే ముందు కంటి లోపల ఏముందో కొంచెం తెలియాలి.

రెటీనా అంటే

కంటి ముందు భాగంలో, నల్లగుడ్డు మీద, గాజులాంటి ఒక పొర ఉంటుంది. దాని వెనక ఒక చిన్న అద్దం ఉంటుంది. ముసలితనంలో ఈ అద్దమే మసకబారుతుంది. దాన్నే శుక్లం అంటాం. చాలామంది 'పొర వచ్చింది' అంటారు. రెటీనా అది కాదు. రెటీనా కంటికి వెనక గోడ మీద ఉంటుంది. సినిమా హాల్లో బొమ్మ పడే తెర ఉంటుంది చూశారా, అలాంటిది. బయటి వెలుతురు వచ్చి ఈ తెర మీద పడుతుంది. అక్కడి నుంచి నరం ద్వారా మెదడుకు చేరుతుంది. అప్పుడే మనకు కనిపిస్తుంది. ఈ తెర మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు.

తడి తగిలిన గోడకు సున్నం పెచ్చు లేచినట్టు ఈ తెర కూడా లేస్తుంది. తెరకు చిన్న చిరుగు పడితే అందులోంచి కంటిలోని నీరు వెనక్కి పోయి పెచ్చు లేపుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు లోపల కొత్త నెత్తురు నాళాలు పుట్టి, అవి ముడుచుకుని తెరను లాగేస్తాయి. కంటికి గట్టి దెబ్బ తగిలినవాళ్లకు, చిన్నప్పటి నుంచి బాగా ఎక్కువ పవరు అద్దాలు పెట్టుకునేవాళ్లకు కూడా ఈ జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. తెర ఊడిన చోట చూపు ఉండదు.

ఇక్కడ ఒక మాట. కంటి జబ్బు అనగానే "క్యారెట్ తిను, ఆకుకూర తిను" అంటారు. మంచిదే. మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. పిల్లల్లో 'ఎ' విటమిన్ తక్కువైతే రేచీకటి వస్తుందనీ, పెద్ద మోతాదులో ఆ విటమిన్ ఇస్తే ఆపవచ్చనీ చూపించిన వాళ్లలో ఈ సంస్థ ముఖ్యమైనది. 1970 నుంచి దేశమంతా పిల్లలకు ఆ మందు పోస్తున్నారు. కానీ రేచీకటి వేరు, రెటీనా ఊడడం వేరు. ఊడిన తెర క్యారెట్లతో అతుక్కోదు.

వందేళ్ల కింద రెటీనా ఊడితే ఆ కన్ను పోయినట్టే. 1920ల్లో స్విట్జర్లాండులో జూల్ గోనిన్ అనే డాక్టరు, తెరకు పడిన చిరుగును మూస్తే చూపు తిరిగి వస్తుందని చేసి చూపించాడు. ముందు ఎవరూ నమ్మలేదట. తర్వాత 1970ల్లో రాబర్ట్ మాకెమర్ అనే డాక్టరు అమెరికాలో ఇంకో దారి కనిపెట్టాడు. కంటికి సూది బెజ్జాలంత చిన్న రంధ్రాలు చేసి, లోపల ఉన్న తెల్లసొన లాంటి జెల్లీని తీసేసి, లోపలి నుంచే తెరను బాగుచేయడం. ఇప్పుడు మన దగ్గర చేసేవి ఎక్కువగా ఇలాంటి ఆపరేషన్లే. తెర అతుక్కునే దాకా లోపల ఒక గ్యాస్ బుడగను గానీ, సిలికాన్ నూనెను గానీ నింపుతారు. గ్యాస్ దానంతట అదే కరిగిపోతుంది. రకాన్ని బట్టి రెండు వారాల నుంచి రెండు నెలలు పడుతుంది. నూనె కరగదు. చాలామందికి కొన్ని నెలల తర్వాత ఇంకో చిన్న ఆపరేషన్ చేసి తీస్తారు. కొందరికి కంటి బయట సిలికాన్ బెల్టు లాంటిది బిగిస్తారు. అది అలాగే ఉండిపోతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయితే డాక్టరును ఒక మాట తప్పక అడగండి. "లోపల పెట్టింది గ్యాసా, నూనెనా? బయట బెల్టు వేశారా?" జవాబు రాసి పెట్టుకోండి. ఏ రాత్రయినా వేరే దవాఖానకు పోవాల్సి వస్తే, అక్కడి డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో అది ఒకటి.

గరగర ఎందుకు?

ఇప్పుడు గరగర సంగతి. ఆపరేషన్ జరిగింది కంటి లోపల, వెనక భాగంలో. మరి గరగర అనేది రెప్ప కింద, ముందు భాగంలో ఎందుకు?

లోపలికి పోవాలంటే ముందు నుంచే పోవాలి కదా. ఆపరేషన్ చేసేంతసేపు రెప్పలు మూసుకోకుండా క్లిప్పు పెట్టి పట్టి ఉంచుతారు. పురుగులు చావాలని అయోడిన్ మందుతో కన్ను కడుగుతారు. ఆ మందు మంచిదే. అది లేకపోతే చీము పట్టే ప్రమాదం ఉంది. కానీ దానివల్ల గాజుపొర కొంచెం గీసుకుపోయినట్టు అవుతుంది. ఇక కుట్లు. రంధ్రాలు చేసిన చోట కొందరికి సన్నని కుట్లు వేస్తారు. వెంట్రుక కన్నా సన్నటి దారమే గానీ, రెప్ప దాని మీద రాసుకుంటే ముల్లు గుచ్చినట్టు ఉంటుంది. ఈ దారం వాటంతట అదే కరుగుతుంది. కొన్ని వారాలు పడుతుంది. ఈ మధ్య చాలామందికి కుట్లు లేకుండానే చేస్తున్నారు. అందుకే పక్క మంచం ఆమెకు లేని గరగర మీకు ఉండొచ్చు. ఆమెతో పోల్చుకుని దిగులు పడవద్దు.

ఇంకో కారణం, కన్ను ఎండిపోవడం. మామూలుగా రెప్ప కొట్టినప్పుడల్లా కంటి మీద సన్నని నీటి పొర పరుచుకుంటుంది. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు ఆ పొర సరిగ్గా నిలవదు. ఎండిన కన్ను గరగర అంటుంది, మండుతుంది. వింత ఏమిటంటే నీళ్లు కూడా కారుస్తుంది. "నీళ్లు కారుతుంటే ఎండిపోయింది అంటారేమిటి?" అని అడగొచ్చు. మంట పుట్టి ఒక్కసారిగా వచ్చే కన్నీళ్లు అవి. చెంప మీదికి జారిపోతాయి గానీ కంటి మీద నిలవవు. వాన జోరుగా కురిస్తే నీళ్లు పారిపోయినట్టు.

చుక్కల మందు కూడా గరగరకు కారణం కావచ్చు. సీసాలో మందు చెడిపోకుండా ఒక నిల్వ రసాయనం కలుపుతారు. రోజుకు ఆరుసార్లు, ఎనిమిదిసార్లు వేస్తే ఆ రసాయనమే కంటిని గీరుతుంది. అలాగని మందు మానేయవద్దు. డాక్టరుతో చెబితే మార్చే వీలుంటుంది, లేదా కంటికి తడినిచ్చే చుక్కలు రాసిస్తారు.

ఇవి కాక మన హబ్సిగూడ దుమ్ము ఉండనే ఉంది. ఉప్పల్ రోడ్డు మీద బస్సుల పొగ, ఎండ, వేసవి గాలి. ఆపరేషన్ అయిన కంటికి బయటికి పోయినప్పుడల్లా నల్ల అద్దాలు పెట్టుకోవాలి. "షోకులు" అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

తగ్గుతోందా, పెరుగుతోందా?

ఇక అసలు ప్రశ్న. ఎన్ని రోజులు ఉంటే మామూలు? ఎన్నో రోజున భయపడాలి?

రోజుల లెక్క ఒక్కటే చాలదు. ఎటు పోతోంది అన్నది చూడాలి. నిన్నటి కన్నా ఇవాళ కొంచెం తక్కువగా ఉందా? పోయిన వారం కన్నా ఈ వారం తక్కువగా ఉందా? అయితే మెల్లగా మానుతోందని అర్థం. మొదటి వారం ఎర్రదనం, వాపు, పొద్దున్న లేచేసరికి రెప్పలు కొంచెం అంటుకోవడం, నలక పడ్డట్టు ఉండడం, ఇవి చాలామందికి ఉంటాయి. గరగర ఒక నెల, కొందరికి రెండు నెలలు కూడా సాగుతుంది. తగ్గుతూ వస్తే చాలు. వారం గడిచినా ఏ మాత్రం తగ్గకుండా ఉన్నచోటే ఉంటే, లేదా తగ్గి మళ్లీ మొదలైతే, తర్వాతి తేదీ దాకా ఆగకుండా ఆ రెండు మూడు రోజుల్లో పోయి చూపించుకోవాలి. కుట్టు కొస పైకి లేచి ఉండొచ్చు. గాజుపొర మీద పుండు కూడా ఉండొచ్చు. డాక్టరు పచ్చటి రంగు చుక్క వేసి, నీలి దీపంతో చూస్తే అది తెలుస్తుంది. ఇంట్లో ఎంత తేరిపార చూసినా తెలియదు.

బెల్టు వేయించుకున్నవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఏళ్లు గడిచాక కూడా ఆ కంట్లో గరగర, పుసి, ఎర్రదనం పదే పదే వస్తుంటే, బెల్టు పైకి తేలిందేమో చూపించుకోవాలి. "ఎప్పుడో అయిన ఆపరేషన్, దానికీ దీనికీ ఏం సంబంధం" అని ఊరుకోవద్దు.

కొన్నింటికి మాత్రం రేపు అనే మాట లేదు. అదే రోజు, అదే పూట పోవాలి. నొప్పి తగ్గేది పోయి పెరుగుతోంది, మాత్ర వేసుకున్నా నిద్ర పట్టనివ్వడం లేదు. నిన్న కనిపించింది ఇవాళ కనిపించడం లేదు. పసుపు రంగులో గానీ ఆకుపచ్చగా గానీ చీము కారుతోంది. రెప్ప బాగా ఉబ్బి కన్ను తెరవడం కష్టంగా ఉంది. వెలుతురు చూస్తే భరించలేని బాధ. ఇవి లోపల చీము పట్టిన గుర్తులు కావచ్చు. ఇది అరుదుగానే వస్తుంది. వస్తే ఎక్కువగా మొదటి వారం, పది రోజుల్లోనే వస్తుంది. అప్పుడు రోజుల లెక్క కాదు, గంటల లెక్క. పొద్దున్న పోతే దక్కే చూపు సాయంత్రానికి దక్కకపోవచ్చు.

మళ్లీ మెరుపులు మెరిసినట్టు ఉంటే, కొత్తగా నల్ల చుక్కలు గుంపుగా వస్తే, పక్క నుంచి పరదా లాంటి నీడ వస్తే, తెర మళ్లీ ఊడుతోందేమో. దీనికి నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని మోసపోవద్దు. అయితే గ్యాస్ పెట్టినవాళ్లకు ఇంకో రకం గీత కనిపిస్తుంది. గిన్నెలో నీళ్లు కదిలినట్టు, తల కదిపితే అడ్డంగా ఊగుతుంది. రోజురోజుకూ కిందికి దిగుతుంది. అది గ్యాస్ కరుగుతున్న గీత. దానికి భయపడనక్కర్లేదు. రెండింటికీ తేడా అనుమానంగా ఉంటే మాత్రం, అనుమానంతోనే దవాఖానకు పోండి. "ఏమీ లేదమ్మా" అనిపించుకుని రావడం సిగ్గు కాదు.

రెండో కన్ను, అంటే ఆపరేషన్ కాని కన్ను ఎర్రబడి మసకబారినా వెంటనే చెప్పాలి. చాలా అరుదు గానీ, ఒక కంటి ఆపరేషన్ తర్వాత రెండో కంటికి కూడా వాపు రావచ్చు.

షుగర్ ఉన్న అక్కలు ఇక్కడ ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. షుగర్ వల్ల కాళ్లకు స్పర్శ తగ్గినట్టే కంటి ముందు పొరకూ తగ్గుతుంది. పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు. గాయం కూడా ఆలస్యంగా మానుతుంది. అందుకని వాళ్లు నొప్పిని కాదు, చూపును నమ్ముకోవాలి.

అక్కకు ఏమైంది?

మళ్లీ మన అక్క దగ్గరికి వద్దాం. పక్కింటి చెల్లె మంచి మనసుతోనే మందు తెచ్చింది. అక్క వేసుకోబోయింది కూడా. ఆ ఇంటి కోడలు సాయంత్రం చదువుల కేంద్రానికి వచ్చే పిల్ల. సీసా చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. అంకెలు చదివింది. "అత్తమ్మా, ఈ మందు తేదీ ఎప్పుడో అయిపోయింది" అంది. సీసా పక్కకు పోయింది.

కానీ కోడలు చూడనిది ఒకటి ఉంది. అది అక్క సొంత మందు. దవాఖానలో ఇచ్చిన చుక్కల్లో ఒకటి వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు. మొదటి వారం రోజుకు ఆరుసార్లు, తర్వాత వారానికి వారం తగ్గించుకుంటూ పోవాలి. కాగితం మీద అలాగే రాసి ఉంది. ఇంగ్లీషులో ఉంది. ఇంటికి పంపేటప్పుడు గబగబా చెప్పారు. అక్కకు 'ఆరుసార్లు' ఒక్కటే గుర్తుంది. వేస్తే కాస్త హాయిగా ఉంది. అందుకని నాలుగు వారాలు ఆరుసార్లే వేసింది. గరగర అన్నప్పుడు ఇంకో చుక్క ఎక్కువ వేసింది.

స్టెరాయిడ్ మందు మేలు చేసే మందే. లెక్క తప్పితే మాత్రం కొందరికి కంటిలో ఒత్తిడి పెంచుతుంది. సైకిల్ ట్యూబులో గాలి ఎక్కువైనట్టు. అలా ఉండిపోతే కంటి నరం నలిగిపోతుంది. నీటికాసులు అనే జబ్బు అదే. నరం ఒకసారి చచ్చిపోతే ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. అలాగని ఆ మందు ఒక్కసారిగా ఆపినా వాపు తిరగబెడుతుంది. అందుకే మెట్టు మెట్టుగా దిగమంటారు.

నాలుగో వారం శుక్రవారం సాయంత్రం అక్కకు తలనొప్పి వచ్చింది. ఎడమ కణత పగిలిపోతున్నట్టు ఉంది. రెండుసార్లు వాంతి అయింది. బల్బు చుట్టూ రంగుల గుండ్రం కనిపిస్తోంది. "పైత్యం చేసింది, నిమ్మకాయ నీళ్లు తాగితే పోతది" అన్నాడు ఇంటాయన. కొడుకు మళ్లీ మంగళవారం మాటే ఎత్తాడు. కోడలు ఒప్పుకోలేదు. "కన్ను నొస్తుంది, వాంతి అయింది. ఇది కడుపు జబ్బు కాదు. ఇప్పుడే పోదాం" అంది.

ఆ రాత్రే పోయారు. కంటి ఒత్తిడి కొలిచారు. మామూలుగా అది 10 నుంచి 21 లోపల ఉండాలి. అక్కకు 40 దాటింది. మాత్రలు ఇచ్చారు, వేరే చుక్కలు వేశారు. రెండు రోజులకు దిగింది. గరగర ఎందుకని అడిగితే, కన్ను ఎండిందని చెప్పి, తడినిచ్చే చుక్కలు రాశారు. "మంగళవారం దాకా ఆగి ఉంటే?" అని కోడలు అడిగింది. డాక్టరమ్మ జవాబు చెప్పలేదు. అక్క చెయ్యి పట్టుకుని, "వచ్చి మంచి పని చేశావమ్మా" అంది.

మీ చదువు ఇక్కడ పనికొస్తుంది

దవాఖాన కాగితం ఇంగ్లీషులో ఉందని మడిచి పెట్టవద్దు. అక్కడే నర్సమ్మను అడగండి. ఆమె చెబుతుంటే మీరే తెలుగులో రాసుకోండి. ఏ సీసా, ఏ వారం, రోజుకు ఎన్నిసార్లు. సీసాల మీద కాగితం ముక్క అంటించి 1, 2, 3 అని రాయండి. చూపు సరిగ్గా లేనివాళ్లకు ఒక సీసాకు దారం కట్టండి. చేత్తో తడిమినా తెలుస్తుంది.

ప్రతి సీసా మీద 'ఇ ఎక్స్ పి' అనే మూడు ఇంగ్లీషు అక్షరాల పక్కన అంకెలు ఉంటాయి. మొదటిది నెల, రెండోది సంవత్సరం. ఆ నెల దాటితే వాడరాదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మూత తెరిచాక చుక్కల మందు మామూలుగా ఒక నెలే పనికొస్తుంది, మీద తేదీ ఇంకా ఉన్నా సరే. అందుకని తెరిచిన రోజు తేదీ సీసా మీద పెన్నుతో రాయండి.

చూపు పరీక్షకు గోడ మీది క్యాలెండరు చాలు. రోజూ పొద్దున ఒకే చోట, ఒకే వెలుతురులో నిలబడండి. మంచి కన్నును అరచేతితో మూయండి, నొక్కవద్దు. ఆపరేషన్ అయిన కంటితో తేదీల అంకెలు కనిపిస్తున్నాయా చూడండి. గ్యాస్ ఉన్నప్పుడు అంకెలు కనిపించవు. అప్పుడు ఎవరినైనా వేళ్లు చూపమని లెక్కపెట్టండి. కనిపించింది నోటు పుస్తకంలో ఒక్క ముక్క రాయండి: "సోమవారం. గరగర కొంచెం. నొప్పి లేదు. పెద్ద అంకెలు కనిపించినై." ఇలా వారం రాస్తే తగ్గుతోందో పెరుగుతోందో మీకే తెలుస్తుంది. డాక్టరుకు ఆ పుస్తకం చూపించండి. "ఎప్పటి నుంచి?" అని అడిగితే "మొన్నటి నుంచో, అటు మొన్నటి నుంచో" అనే పని ఉండదు.

చుక్కలు వేసే ముందు చేతులు సబ్బుతో కడగాలి. పైకి చూస్తూ కింది రెప్ప లాగి, ఒక్క చుక్క వేయాలి. సీసా మూతి కంటికి, రెప్పకు తగలరాదు. రెండు రకాల మందులు ఉంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

తల్లిపాలు, తేనె, ఆముదం, ఆకు పసరు, పూలు, ఏవీ ఆ కంట్లో పెట్టరాదు. వాటిలో మన కంటికి కనపడని పురుగులు ఉంటాయి. మంచి కంటికే అవి మంచివి కావు. కోత పడిన కంటికి అసలే వద్దు. కాటుక కూడా డాక్టరు సరే అనేదాకా ఆపండి. దురద పెడితే నలపవద్దు. తలస్నానం ఎప్పుడు చేయాలో అడగండి. కొన్నాళ్లు తల వెనక్కి వంచి వేరేవాళ్లతో పోయించుకోవడం మేలు.

పత్యం పేరుతో పప్పు, వంకాయ, కోడికూర మానిపించి, ఒట్టి చారన్నం పెడతారు మన ఇళ్లలో. చీము పడుతుందని భయం. తిండితో చీము పట్టదు. షుగర్ ఉన్నవాళ్లు వేళకు తినాలి, పప్పు, గుడ్డు తినాలి, షుగర్ అదుపులో పెట్టుకోవాలి. ఏడిస్తే కుట్లు ఊడతాయని కూడా అంటారు. ఊడవు. ఏడుపు వస్తే ఏడవండి. శుభ్రమైన బట్టతో చెంప తుడుచుకోండి.

గ్యాస్ పెట్టినవాళ్లకు ఒక గట్టి హెచ్చరిక. గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కరాదు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి బుడగ ఉబ్బుతుంది. కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. కొండలకూ ఇదే మాట. తిరుమల సముద్ర మట్టానికి 800 మీటర్లకు పైన ఉంది. ఆపరేషన్ బాగా అయితే కొండకు వస్తామని మొక్కుకున్నవాళ్లు, డాక్టరు సరే అన్నాకే బయల్దేరాలి. వెంకన్న ఆగుతాడు. పంటి వైద్యానికి గానీ, ఇంకో ఆపరేషన్‌కు గానీ పోతే కంటిలో గ్యాస్ ఉందని ముందే చెప్పాలి. కొన్ని మత్తు గాలులు ఆ బుడగను పెంచుతాయి.

ఎక్కడికి పోవాలి?

ఆపరేషన్ చేసిన దవాఖానకే పోవడం మొదటి మాట. లోపల ఏం చేశారో వాళ్లకు తెలుసు. అది దూరమైతే, రాత్రయితే, దగ్గరలో కంటి డాక్టరు ఉన్న పెద్ద దవాఖానకు పోండి. మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి దవాఖాన ఉంది. హబ్సిగూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగితే అక్కడి నుంచి మెహదీపట్నానికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి తెలంగాణ మహిళలకు టికెట్ డబ్బులు లేవు. కార్డు వెంట ఉంచుకోండి. ఖర్చు సంగతికి వస్తే, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో దవాఖానలోని ఆరోగ్యమిత్రను అడగండి. కాగితాలు, వాడుతున్న సీసాలు అన్నీ సంచిలో వేసుకుని పోండి, ఖాళీవి కూడా. మందుల షాపులో "కంటి ఎరుపుకు ఏదైనా ఇవ్వు" అని అడిగితే స్టెరాయిడ్ చుక్కలే చేతిలో పెట్టినా పెట్టొచ్చు. అలా కొని వేసుకోవద్దు.

2018లో, మళ్లీ 2023లో మన రాష్ట్రంలో కంటి వెలుగు శిబిరాలు పెట్టి చాలామందికి అద్దాలు ఇచ్చారు. అప్పుడు చూపించుకున్నాం, ఇక పరవాలేదు అని షుగర్ ఉన్నవాళ్లు అనుకోవద్దు. అద్దాల పరీక్ష వేరు. చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి రెటీనా చూసే పరీక్ష వేరు. షుగర్ ఉన్నవాళ్లు ఈ రెండోది ఏటా చేయించుకోవాలి. ఆ రోజు కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. తోడు ఒకరిని తీసుకుపోవాలి.

అక్క ఇప్పుడు మళ్లీ ఒక ఇంట్లో పనికి పోతోంది. రెండో ఇల్లు పోయింది. నెల రోజులు రాకపోయేసరికి వాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. పోపు పెట్టేటప్పుడు నల్ల అద్దాలు తీయదు. కంట్లో నూనె ఇంకా ఉంది. తీసే తేదీ ఇచ్చారు. కోడలు క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్న చుట్టింది. అక్క రోజూ పొద్దున కుడి కన్ను మూసుకుని, ఆ ఎర్ర సున్న కనిపిస్తోందా లేదా అని చూసుకుని పనికి బయల్దేరుతుంది.